పది రూపాయల బిళ్లతో ఫ్లాట్ చూశాం

మా పిన్ని కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. వయసు 29. ఈమధ్య వాడికి కొత్త జ్వరం పట్టుకుంది. దాని పేరు ఇన్వెస్ట్‌మెంట్ ప్రాపర్టీ. పోయిన జూన్‌లో ఓ శుక్రవారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, నిజాంపేట వైపు టూ బీహెచ్‌కే. రీసేల్. 62 లక్షలు చెప్తున్నారు. అద్దె 18 వేలు గ్యారంటీ అంట. వీడియో చూశా, సూపరుంది. సోమవారం అడ్వాన్స్ కొట్టేస్తా."

"ఇల్లు చూశావా?"

"చెప్పా కదన్నా, వీడియో చూశానని."

"నేనడిగింది ఇల్లు గురించి."

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "లాయర్ కాగితాలు చూశాడన్నా, అంతా క్లియర్. బ్యాంకు లోన్ కూడా ఇస్తానంది. ఇంకేం చూడాలి?" అన్నాడు.

ఈ ప్రశ్న నేనూ ఒకప్పుడు అడిగినవాడినే. అందుకే వాడి మీద కోపం రాలేదు. భయం వేసింది. ఎందుకంటే ఆ 62లో 25 లక్షలు మా పిన్నివి. గవర్నమెంట్ స్కూల్లో ముప్పై ఏళ్ల పైచిలుకు పాఠాలు చెప్పి రిటైరైతే చేతికొచ్చిన డబ్బు అది.

ముందు నా సంగతి చెప్పేస్తా. ఎనిమిదేళ్ల క్రితం మియాపూర్ దాటాక ఒక అపార్ట్‌మెంట్‌లో టాప్ ఫ్లోర్ కొన్నాను. ఉండటానికి కాదు, అద్దెకివ్వడానికే. చూడ్డానికి వెళ్లింది ఫిబ్రవరిలో, మధ్యాహ్నం పూట. ఓనర్ ఇంట్లో కాఫీ తాగాను, బాల్కనీలో నిలబడి సెల్ఫీ తీసుకున్నాను. గోడలు కొత్త పెయింట్ వాసన వేస్తున్నాయి. ఇల్లు ఎంత బాగా మెయింటెయిన్ చేశారో అని మురిసిపోయాను. అమ్మేసే ఇంటికి అంత ఖర్చు పెట్టి రంగులెందుకు వేయించారని ఒక్కసారి కూడా అనుకోలేదు.

జులైలో జవాబు దొరికింది. హాల్ సీలింగ్ మీద ముందు భారతదేశం మ్యాప్ అంత మరక, ఆగస్టుకల్లా ప్రపంచ పటం. ఫ్యాన్ రాడ్ వెంట నీళ్లు జారుతున్నాయని అద్దెకున్నవాళ్లు వీడియో పెట్టారు. నెల తిరక్కుండా ఖాళీ చేశారు. డాబా అందరిదీ కాబట్టి అసోసియేషన్ బాగు చేయించాలి కదా అని వెళితే, "మీ ఇంట్లో కారితే మీరే చేయించుకోవాలి" అన్నారు కింది అంతస్తుల వాళ్లు. రెరా చట్టంలో డాబాలు ఉమ్మడి స్థలం కిందకే వస్తాయని చదివి వినిపించాను. అందరూ తలూపారు. డబ్బులు మాత్రం ఎవరూ తీయలేదు. ఐదు నెలలు ఇల్లు ఖాళీ. నెలకి 16 వేల చొప్పున 80 వేలు అద్దె పోయింది, వాటర్‌ప్రూఫింగ్‌కి 1,10,000 నేనే పెట్టుకున్నాను. అంటే మొదటి ఏడాది అద్దెంతా ఆ సీలింగ్ తాగేసింది.

సరే, బ్యాంకు మాట. "బ్యాంకువాళ్లు వచ్చి చూశారు, లోన్ ఓకే చేశారు, ఇంకేం భయం" అని చాలామంది ధైర్యం. నా ఫ్లాట్‌కి వచ్చిన వాల్యుయేషన్ మనిషి పది నిమిషాలున్నాడు. బిల్డింగ్ ముందు నుంచి ఒక ఫొటో, లోపల మూడు ఫొటోలు, కొలతలు, సంతకం. అతని తప్పేం లేదు. రేపు నేను ఈఎంఐ ఎగ్గొడితే ఈ ఫ్లాట్ అమ్మి అప్పు రాబట్టుకోవచ్చా అన్నదే బ్యాంకు అతన్ని అడిగింది. సీలింగ్ కారుతుందా అని బ్యాంకు అడగలేదు, అతను చెప్పలేదు. లాయర్ కూడా అంతే. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు చూసి ఈ ఇల్లు ఎవరిదో చెప్తాడు. ఇల్లు ఎలా ఉందో చెప్పడం ఆయన పని కాదు. ఇంటి తరఫున ముగ్గురు నలుగురు వచ్చి చూసి వెళ్తారు గానీ, కొనేవాడి తరఫున చూసేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు.

మా బావ ఒకాయన డాలస్‌లో ఉంటాడు. అక్కడ ఇల్లు కొన్నప్పుడు టెక్సస్ రాష్ట్రం లైసెన్స్ ఇచ్చిన ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకున్నాడు. ఆయన అటక ఎక్కి, ఇంటి చుట్టూ తిరిగి ఫొటోలతో పెద్ద రిపోర్ట్ ఇచ్చాడట. అక్కడి కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ అని కొన్ని రోజులు గడువు కొనుక్కోవచ్చు. ఆలోగా నచ్చకపోతే కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. పోయేది ఆ గడువు కోసం కట్టిన చిన్న ఫీజు, ఇన్‌స్పెక్టర్‌కిచ్చిన డబ్బు. ఇదంతా మా బావ నాకు గంటసేపు క్లాసు పీకి చెప్పాడు. అదే మనిషి మన శంకర్‌పల్లి వైపు విల్లా మాత్రం వాట్సాప్ వీడియో కాల్‌లో చూసి కొన్నాడు. "మనోళ్లే కదా బిల్డర్" అన్నాడు. ఆ విల్లా సంగతి ఇంకో వారం.

మన దగ్గరా ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల ఇల్లు చెక్ చేసి రిపోర్ట్ ఇచ్చే సంస్థలున్నాయి. థర్మల్ కెమెరా, చెమ్మ కొలిచే మీటర్ పట్టుకొస్తారు, చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు. నేను మాత్రం నా సీలింగ్ బాగుచేసిన మేస్త్రీకే ఫోన్ చేశాను. పాలమూరు మనిషి. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో కారే ఇళ్లే ఆయనకి అన్నం పెడుతున్నాయి. రెండు వేలిస్తా, ఆదివారం ఒక పూట రమ్మంటే నవ్వాడు. "కొన్నంక అందరు పిలుస్తరు సార్. కొనకముందు పిలిచింది మీరే."

శనివారం రాత్రి గట్టి వాన పడింది. మా అదృష్టం.

తమ్ముడు పొద్దున బస్సు దిగి నేరుగా వచ్చాడు. మూడో అంతస్తు, పదకొండేళ్ల బిల్డింగ్, మొత్తం 20 ఫ్లాట్లు. ఏజెంట్ తలుపు తీశాడు. తెల్లటి గోడలు, మెరిసే ఫ్లోర్. తమ్ముడు నేరుగా బెడ్‌రూమ్‌లోకి వెళ్లి కంగారుగా పిలిచాడు. కిటికీ పక్కన వెంట్రుకంత పగులు, అడుగున్నర పొడవు.

"అన్నా, గోడ చీలిపోయింది!"

మేస్త్రీ దాని మీద గోరుతో గీకి, "ఇది ప్లాస్టర్ గీత సార్. పుట్టీ పెడితే పోతది. దీనికి భయపడకుండ్రి" అన్నాడు.

ఆ రోజు నేను నేర్చుకున్నదాంట్లో సగం ఇదే. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే పగుళ్లు చాలావరకు పైపై ప్లాస్టర్‌వి. ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పోయేవి, బీమ్‌లోనో స్లాబ్‌లోనో కమ్మీ వెంట తిన్నగా గీసినట్టుండేవి, వాటి పక్కన తుప్పు రంగు మరకలుండేవి... వాటి దగ్గర ఆగాలి. మిగతావాటికి బేరం చేస్తే సరిపోతుంది.

తర్వాత ఆయన నా ఫోన్ అడిగాడు. టార్చ్ ఆన్ చేసి గోడకి ఆనించినంత దగ్గరగా, పక్క నుంచి పట్టాడు. ఎదురుగా చూస్తే అద్దంలా ఉన్న గోడ, ఆ వెలుతురులో పొక్కులు పొక్కులుగా కనిపించింది. బాత్రూమ్‌కి ఆనుకున్న గోడ అది. కింద స్కర్టింగ్ పైన వేలితో నొక్కితే పెయింట్ అప్పడంలా విరిగింది. లోపల తెల్లటి ఉప్పు పొడి. నీళ్లు గోడలోంచి బయటికొచ్చి ఆరిపోతూ వదిలేసే ఉప్పు అది. పెయింట్ వేస్తే దాగుతుంది, ఆగదు.

పది రూపాయల బిళ్ల తీసి టైల్స్ మీద కొట్టుకుంటూ నడిచాడు. టక్, టక్, టక్... డబ్. "ఇక్కడ కింద సిమెంట్ లేదు, బోలు." హాల్లో ఏడెనిమిది చోట్ల అదే చప్పుడు. బాత్రూమ్‌లో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించాడు. సగం జాలీ వైపు పోయాయి, సగం తలుపు మూలకి వచ్చి నిలబడ్డాయి. వంటింట్లో ట్యాప్ నీళ్లని నేను తెచ్చిన టీడీఎస్ మీటర్‌తో చూస్తే 1,140. తాగునీటికి మన దేశ ప్రమాణం 500, వేరే దిక్కు లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. అంటే మంజీరా నీళ్లు కాదు, బోరో ట్యాంకరో. గీజర్లు, ట్యాపులు తొందరగా పాడవుతాయి, ఆ ఖర్చు ఓనర్‌దే.

అసలు సంగతి బాత్రూమ్ పైన ఉంది. అక్కడ ఫాల్స్ సీలింగ్ కొట్టారు. మేస్త్రీ స్టూల్ ఎక్కి, పైపుల కోసం వదిలిన చిన్న మూత పక్కకి జరిపి తల లోపల పెట్టాడు. నన్నూ చూడమన్నాడు. స్లాబ్ నల్లగా తడిసి ఉంది. రెండు చోట్ల సిమెంట్ పెచ్చు ఊడి తుప్పు పట్టిన కమ్మీ కనిపిస్తోంది. ఓ నీటిచుక్క జారకుండా వేలాడుతోంది.

"పై ఇంటి బాత్రూమ్ కారుతుంది సార్. ఈ ఇంట్ల ఎంత రిపేర్ చేసినా ఆగదు. పైన టైల్స్ తియ్యాలె."

పై ఇంటి ఓనర్ అమెరికాలో ఉంటాడట. అందులో అద్దెకున్నవాళ్లు టైల్స్ తీయనివ్వరు. ఏజెంట్ మాత్రం, "అది మాట్లాడి చేయించేస్తాం సార్, చిన్న విషయం" అన్నాడు. అంత చిన్న విషయానికి ఫాల్స్ సీలింగ్ ఎందుకు కొట్టారో అడిగితే ఫోన్ వచ్చినట్టు బయటికెళ్లాడు.

నేను కిందకొచ్చి వాచ్‌మన్ భార్యతో మాట కలిపాను. మీరు ఇంకేదీ చేయకపోయినా ఇదొక్కటీ చేయండి. లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగుతుందో, ఎవరి ఇంట్లో ఎవరెన్నాళ్లున్నారో, ఏ ఓనర్ మెయింటెనెన్స్ కట్టడో, అంతా ఆమెకి తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో రోజుకి రెండు ట్యాంకర్లు వస్తాయని, అప్పుడు మెయింటెనెన్స్ 2,500 నుంచి 4,000 అవుతుందని ఆమే చెప్పింది. ఆ ఫ్లాట్‌లో మూడేళ్లలో ముగ్గురు అద్దెకు దిగి వెళ్లిపోయారని కూడా. 18 వేలు గ్యారంటీ అన్న ఏజెంట్ ఈ ముక్క చెప్పలేదు.

ఈలోగా మేస్త్రీ సెల్లార్‌లో ఒక పిల్లర్ దగ్గర కూర్చుని ఉన్నాడు. పక్కనే సంపు. పిల్లర్ కింది భాగంలో మోకాలెత్తు దాకా నిలువు పగులు, చుట్టూ ఎర్రటి చార. బిళ్లతో కొడితే డొల్లగా మోగింది. రెండో పిల్లరూ అంతే. అంతదాకా జోకులేస్తున్న మనిషి ఒక్కసారిగా మాట మార్చాడు.

"ఇది నా పని గాదు సార్. ఇంజనీర్‌ని పిలువుండ్రి."

తమ్ముడు ఆ పిల్లర్ పక్కనే బైక్ ఆనించి ఎంత బాగుందో పార్కింగ్ అని ఫొటో తీసి వాళ్లమ్మకి పంపాడు, పొద్దున్నే. పైన వెంట్రుక పగులుకి అంత అదిరిపోయినవాడికి ఇది కళ్లబడలేదు. నాకూ పడలేదు, నిజం చెప్పాలంటే.

బుధవారం స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చాడు. ఫీజు 12 వేలు. ఆయన విడమరిచి చెప్పింది ఇదీ. సంపు ఏళ్లతరబడి కారుతోంది. ఆ తడి కాంక్రీట్‌లోకి దిగి కమ్మీకి తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీట్‌ని పగలగొడుతుంది, ఆ పగుల్లోంచి ఇంకా నీళ్లు వెళ్తాయి. బిల్డింగ్ రేపే కూలిపోదు. కానీ ముందు సంపు బాగు చేసి, ఆ పిల్లర్ల చుట్టూ కొత్త కమ్మీ కట్టి కాంక్రీట్ పోయాలి. దాన్ని జాకెటింగ్ అంటారు. ఒక్క ఫ్లాట్ ఓనర్ చేసేది కాదు, ఇరవై ఇళ్లవాళ్లూ ఒప్పుకుని డబ్బులేసుకోవాలి. అసోసియేషన్ ఖాతాలో ఎంత ఉందని అడిగితే ప్రెసిడెంట్ గారు, "లిఫ్ట్ రిపేర్‌కి అయిపోయిందండీ" అన్నారు.

కొత్త ఫ్లాట్ అయితే కథ వేరు. రెరా ప్రకారం తాళాలిచ్చిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మనం చెప్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అందుకే కొత్తదాన్ని కూడా తాళాలు తీసుకునే ముందే ఇలా చెక్ చేసి, ప్రతి లోపాన్నీ ఫొటోతో సహా మెయిల్‌లో పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. పదకొండేళ్ల రీసేల్‌కి ఆ ఐదేళ్లు ఎప్పుడో అయిపోయాయి. అక్కడ మీకున్న గ్యారంటీ మీరు కొనకముందు చూసుకున్నదే.

ఆ ఏరియాలో ఇంకోటి కూడా చూడాలి. 2016 సెప్టెంబర్ వానలకి నిజాంపేటలో బండారి లేఅవుట్ మునిగి సెల్లార్లలో నీళ్లు నిలిచిన సంగతి అక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు. 2024లో హైడ్రా వచ్చాక చెరువు పక్క బిల్డింగులంటే అందరికీ భయం పట్టుకుంది. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్ఎండీఏ వెబ్‌సైట్లో ఉన్నాయి, ఫోన్‌లోనే చూడొచ్చు. ఈ బిల్డింగ్ దూరంగానే ఉంది. ఆ ఒక్క విషయంలో నిశ్చింత.

ఇక లెక్క. బాత్రూమ్‌లు రెండూ, చెమ్మ గోడ, హాల్ టైల్స్, పైఇంటి పని మా నెత్తిన పడితే అదీ కలిపి మేస్త్రీ 2,80,000 చెప్పాడు. 18 వేల అద్దెలో పదిహేను నెలలకు పైనే. పిల్లర్ల వాటా దీనికి అదనం. రిజిస్ట్రేషన్ తెలంగాణలో 7.5 శాతం, 62 లక్షలకి 4,65,000. ఏజెంట్‌కి ఒక శాతం, 62 వేలు. వీటిని తమ్ముడు కళ్లు మూసుకుని ఎక్సెల్ షీట్‌లో వేసుకున్నాడు. మేస్త్రీ, ఇంజనీర్‌లకి కలిపి 14 వేలంటే మాత్రం, "చూడ్డానికే ఇంతా అన్నా?" అన్నాడు.

ఓనర్‌తో కూర్చున్నాం. పెద్దాయన, మర్యాదస్థుడు. ఫొటోలన్నీ చూపించాం. ఆయన ముఖం మాడిపోయింది. "మా పిల్లలు పెరిగిన ఇల్లిది. మీరు బిళ్ల పట్టుకుని కొట్టి చూస్తారా?" అన్నాడు. నాకు నిజంగానే సిగ్గేసింది. ఆయన పొరపాటుకి పెయింట్ వేసుకున్నాడు గానీ దొంగ కాదు. సెల్లార్ పిల్లర్ల సంగతి ఆయనకీ తెలియదు. చివరికి రెండు లక్షలు తగ్గించాడు. తమ్ముడి కళ్లు మెరిశాయి. "చూశావా, ఇన్‌స్పెక్షన్ పైసా వసూల్! తీసేసుకుందాం అన్నా."

అప్పుడు మా పిన్ని స్పీకర్ ఫోన్‌లో ఉంది. అంతసేపూ మాట్లాడలేదు. ఒక్కటే అడిగింది.

"ఆ స్తంభాలు ఎప్పుడు బాగు చేస్తార్రా?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. లీకేజీకి ధర కట్టొచ్చు, టైల్స్‌కి కట్టొచ్చు, ఆ మేరకు బేరమాడొచ్చు. ఇరవై కుటుంబాలు ఎప్పటికి ఒక మాట మీదకొస్తాయో దానికి ధర కట్టలేం.

"అయితే వద్దులే నాన్నా. ఇంటికొచ్చి అన్నం తిను" అంది పిన్ని.

ఇంజనీర్ రిపోర్ట్ కాపీ ఓనర్‌కి ఒకటి, ప్రెసిడెంట్‌కి ఒకటి ఇచ్చి వచ్చేశాం. మూడు వారాలకి ఆ ఫ్లాట్ 61 లక్షలకి అమ్ముడుపోయింది. కొన్నవాళ్లకి ఆయన ఆ రిపోర్ట్ చూపించాడో లేదో నాకు తెలియదు. తమ్ముడు మాత్రం ఆ వార్త నాకు వాట్సాప్ చేసి, కింద ఏమీ రాయకుండా ఒక ఏడుపు బొమ్మ పెట్టాడు. పది రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. బాచుపల్లిలో ఇంకోటి ఉందట, 58 లక్షలు.

"వీడియో పంపనా?" అని వాడే అడిగి, వాడే నవ్వాడు. మేస్త్రీ నంబర్ తీసుకున్నాడు. ఈ ఆదివారం వెళ్దామా అన్నాను.

"వాతావరణం యాప్ చూశానన్నా. ఆదివారం ఎండంట. గురువారం వాన ఉంది, లీవ్ పెట్టేశా."